దస్తఖత్ పెట్టే ముందు బండి చూడు బేటా

ఉదయగిరి, ఆత్మకూరు వైపు మన ఇళ్లలో గల్ఫ్‌కి పోయిన పిల్లోడు లేని ఖాందాన్ దొరకడం కష్టం. అబ్బాల కాలంలో ఇంటి డ్రైవరు నౌక్రీకి పోయేవాళ్లు. నాకు తెలిసిన ఈ కాలం పిల్లలు కొందరు గోడౌన్లలో ఫోర్క్‌లిఫ్ట్ తోలుతున్నారు. జీతం ఎంత, ఇఖామా వచ్చిందా, ఛుట్టీ ఎప్పుడు అని ఫోన్లో అన్నీ అడుగుతాం. ఎక్కే ముందు బండి చూసుకున్నావా అని మాత్రం అడగం.

చూడాలని ఖానూన్ ఉంది. అమెరికాలో ఓషా పెట్టిన రూలు ప్రకారం ఫోర్క్‌లిఫ్ట్‌ని రోజుకొకసారైనా పరీక్ష చేశాకే పనిలోకి దించాలి. రాత్రీ పగలూ నడిచే బండైతే ప్రతి షిఫ్టు తర్వాతా చూడాలి. గల్ఫ్‌లో పెద్ద కంపెనీలు కూడా ఇట్టాంటి కాగితమే డ్రైవరు చేతిలో పెడతాయి. బ్రేకు, హారన్, టైర్లు, గొలుసులు, ఆయిల్ కారుతుందా లేదా, సీటు బెల్టు... ఒక్కోదానికి ఒక టిక్కు, కింద దస్తఖత్.

మా బహెన్ కొడుకు ఆ కాగితం ఫోటో నాకు పంపాడు. నెలంతా ఒకే పెన్ను, ఒకే తీరు టిక్కులు. గోడౌన్ మూసి ఉన్న జుమ్మా రోజులకు కూడా టిక్కులున్నాయి! "అందరూ ఇంతే మామూ" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

2.5 టన్నులు ఎత్తే బండి తన బరువే 3.5 టన్నుల పైమాట. స్టీరింగు తిప్పితే తిరిగేవి వెనక చక్రాలు. బరువు పైకెత్తి మలుపు తిప్పితే ఒరిగిపోతుంది. అప్పుడు దూకినోడి మీదే పైన ఉన్న ఇనుప చట్రం పడుతుంది. బెల్టు పెట్టుకుని సీట్లోనే గట్టిగా పట్టుకున్నోడికే జాన్ దక్కే అవకాశం ఎక్కువ. ఆ బెల్టు తెగి ఉందో బాగుందో పొద్దున కాక ఎప్పుడు చూస్తాడు?

ఫోర్కులైతే వంపు తిరిగే మడమ దగ్గర అరుగుతాయి, అక్కడే చీలతాయి. మందం 10 శాతం తగ్గితే మోసే బలం దాదాపు 20 శాతం పోతుంది. మన ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసే ఖాలాలకు ఇది చెప్పక్కర్లేదు. స్పూను విరిగేది మెడ దగ్గరే అని వాళ్లకు తెలుసు. స్పూను విరిగితే ఇంకోటి చెక్కుతారు.

కంపెనీలు ఆ కాగితం డ్రైవరు సలామతీ కోసమే అంటాయి. నిజమే, బండిని చూసి రాస్తే. చూడకుండా పెట్టిన టిక్కు ఝూటీ గవాహీ. హాదసా జరిగిన రోజు అది ఎవరి మీద గవాహీ చెబుతుందో ఆలోచించండి. "బ్రేకు బాగుందని నువ్వే రాశావు కదా" అంటారు. ఫోర్‌మెన్ తొందరపెట్టిన సంగతి ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

తప్పంతా పిల్లోడి మీద వేయడం కూడా జుల్మే. బండి చూడ్డానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలకు జీతం ఇవ్వకుండా, హారన్ పనిచేయడం లేదన్నోడిని కామ్‌చోర్ అని తిట్టే మాలిక్‌కి టిక్కులు తప్ప ఇంకేం దొరుకుతాయి? కృష్ణపట్నం రేవు, శ్రీసిటీ వైపు పనికి పోయే మన పిల్లలకూ ఇదే బాధ.

కాబట్టి అమ్మీలూ, అబ్బాలూ, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక మాట చెప్పండి. హారన్ మోగకపోతే 'మోగలేదు' అని రాయమనండి, తాళంచెవి ఫోర్‌మెన్ చేతికి ఇచ్చేయమనండి, రాసిన కాగితం ఫోటో తీసి అదే పూట ఇంటికి పంపమనండి. ఆ ఇంగ్లీషు మనం చదవలేకపోయినా పర్వాలేదు. వాట్సాప్‌లో తారీఖూ టైమూ ఉంటాయి.