కనుమ మర్నాటి చెత్త

సంపాదకులకు,

భోగి మంటల్లో టైర్లు, ప్లాస్టిక్ వేయొద్దన్న మీ సంపాదకీయం చదివాను. కాదనేదేముంది? కానీ పండగ చెత్తంతా భోగి తెల్లవారుజామునే తయారైనట్టు రాశారు. మా మామిడి ఊళ్ళలో అసలు చెత్త కనుమ దాటాకే బయటపడుతుంది.

కోడిపందేల బరులు తోటల్లోనూ వెలుస్తాయి. బరి ఎత్తేశాక పూత మీదున్న చెట్ల కింద చూడండి: బిర్యానీ పొట్లాల రేకు కాగితాలు, నీళ్ళ ప్యాకెట్లు, మందు సీసాలు. పగిలిన సీసా పెంకు ఎండాకుల కింద నక్కి, వేసవిలో కాయ కోతకొచ్చిన కూలీ కాల్లో దిగుతుంది. పందేలు చట్టవిరుద్ధం గనక బరి ఎవరిదంటే ఎవరూ చెప్పరు. చెత్త ఎవరిదంటే అసలే చెప్పరు.

ఇళ్ళలోనూ అంతే. అరిటాకైతే తిన్నాక గేదెకో పెంటకుప్పకో పోయేది. ఇప్పటి వెండి రంగు పేపరు ప్లేట్లకు పైన ప్లాస్టిక్ పొర. పాత పేపర్లవాడు ముట్టడు, మట్టిలో కలవదు. వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి నిషేధమే. పండగ సరుకుల్లో మాత్రం కట్టలు కట్టలుగా దొరుకుతాయి. తడీ పొడీ కలిపి పంచాయతీ బండిలో పోస్తే ఎరువు ఎక్కడ తయారవుతుంది?

2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర పేరిట అధికారులు చీపుర్లు పడుతున్నారు. జనవరిలో అది కనుమకు అటూ ఇటుగానే వస్తుంది. ఈ ఒక్క నెలకైనా ఫొటోలు సెంటర్లో కాకుండా తోటల్లో దిగమనండి. పనిలో పనిగా ఒక ట్రాక్టరూ పంపమనండి.

— ఒక మామిడి రైతు, రెడ్డిగూడెం, ఎన్టీఆర్ జిల్లా