వెళ్ళగొట్టిన గడపకే మళ్ళీ

ఒకసారి తనను వెళ్ళగొట్టిన ఇంటి గడపను అభిమానమున్నవాడు మళ్ళీ తొక్కడు. మరి ఫుట్‌బాల్ శిక్షకులు పాత క్లబ్బుకు తిరిగి ఎందుకు వెళ్తారు? డబ్బు కోసమనీ, కీర్తి మీది మోజనీ చాలామంది తేల్చేస్తారు. నేనలా అనుకోను. నాకు వెంటనే గుర్తొచ్చేది యూప్ హైన్‌కెస్.

జర్మనీలోని బాయెర్న్ మ్యూనిక్‌ను 1989, 1990లలో వరుసగా లీగ్ విజేతగా నిలిపిన ఆయనను, జట్టు తడబడగానే 1991లో తొలగించారు. అది తన అతి పెద్ద పొరపాటని అప్పటి మేనేజరు ఉలీ హోనెస్ తరువాత ఒప్పుకున్నాడు. 2009లో చివరి 5 ఆటలకు పిలిస్తే హైన్‌కెస్ వచ్చాడు. 2011లో మళ్ళీ వచ్చి, 2013లో లీగ్, జర్మన్ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిపించాడు. ఆయన స్థానం గ్వార్డియోలాదని ఆ జనవరిలోనే ప్రకటించేశారు! అయినా 2017 అక్టోబరులో, 72 ఏళ్ళ వయసులో, విశ్రాంతి మాని మరోసారి వచ్చాడు.

అప్పటికి ఆయన కొత్తగా సంపాదించవలసిన కీర్తి ఏమీ లేదు, పోగొట్టుకోగలిగిందే ఎక్కువ. తప్పు ఒప్పుకున్న మిత్రుడు ఆపదలో పిలిచాడు, వెళ్ళాడు. అంతేనని నా నమ్మకం. 2018లో లీగ్ గెలిచి, జర్మన్ కప్ ఫైనల్లో ఫ్రాంక్‌ఫర్ట్ చేతిలో ఓడి సెలవు తీసుకున్నాడు. ఆ ఓటమి వల్ల ఆయన గౌరవం పిసరంతైనా తగ్గలేదు.

పాత లెక్క తేల్చుకోవడానికి తిరిగి వెళ్ళడం సులువు. లెక్క చెరిపేసి వెళ్ళడమే కష్టం. నన్ను ఎవరైనా అలా పిలిస్తే వెళ్ళగలనా? ఇప్పటికీ చెప్పలేను.