మిత్రుని విశ్వాసం, మన హక్కు

విశ్వవిద్యాలయంలో మాతో కలిసి చదువుతున్న ఒక మిత్రుడు మార్మన్ మతాన్ని స్వీకరించాలని నిర్ణయించుకున్నాడు. అతనిది దళిత హిందూ కుటుంబం. ఏడాదికి పైగా చదివి, ప్రశ్నించి, ఆదివారపు ఆరాధనలకు వెళ్ళివచ్చిన తరువాతే బాప్తిస్మానికి సిద్ధపడ్డాడు. ఇంటివారు మాట్లాడటం మానివేశారు. హాస్టల్లో కొందరు "అమ్ముడుపోయాడు" అన్నారు. ముస్లిం విద్యార్థులమైన మేము అతని పక్షాన నిలిచాము. అందుకు మన పెద్దల నుండే రెండు ప్రశ్నలు ఎదురయ్యాయి. మన దీన్ కాని దానికి మన మద్దతు ఏమిటి? అసలే మతమార్పిడి నిందలు మోస్తున్న మనకు ఈ చిక్కు ఎందుకు? ఈ రెంటికీ సమాధానం చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది.

మొదట ఒక విషయం స్పష్టం చేస్తున్నాము. ప్రవక్త ముహమ్మద్ (స) అంతిమ ప్రవక్త అని విశ్వసించే మనకు, పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలో ఒక ప్రవక్త వచ్చాడనే మాట సమ్మతం కాదు. ఈ సంగతి మా మిత్రునికి తెలుసు. మేము అంగీకరించినది అతని సిద్ధాంతాన్ని కాదు, దాన్ని ఎంచుకొనే అతని అధికారాన్ని. దివ్యఖుర్ఆన్ అల్ బఖర సూరా 256వ ఆయతులో ధర్మం విషయంలో బలవంతాన్ని నిరాకరించింది. యూనుస్ సూరా 99వ ఆయతు మనుషులను విశ్వాసులు కమ్మని బలవంతపెట్టడం ప్రవక్త (స) పని కూడా కాదని తెలుపుతున్నది. ఇక మనమెంత?

మార్మన్లంటే ఎవరో మనలో చాలామందికి తెలియదు. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘం అది. బైబిలుతో పాటు మార్మన్ గ్రంథాన్నీ వారు పవిత్రంగా భావిస్తారు. మద్యం, పొగాకు, కాఫీ, టీ ముట్టరు. నెలకొకసారి ఉపవాసముండి, ఆ భోజనాల ఖర్చును పేదలకిస్తారు. మా మిత్రుడు మాతో ఇరానీ చాయ్ మానుకున్నది అందుకే. మన తెలుగునేలకు వారు కొత్తవారేమీ కాదు. హైదరాబాదు మూలాలు గల ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా దీవుల్లో ఆ సంఘంలో చేరి, 1970ల చివర తిరిగివచ్చి తమ బంధువులకు ఆ విశ్వాసాన్ని పరిచయం చేశారు. బాప్టిస్టు బోధకుడైన ఎల్సీ తండ్రి మార్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించారు. అనేక స్థానిక సంఘాలను కలిపి ఏర్పరచే 'స్టేక్' అనే విభాగం భారతదేశంలో మొదటిసారి 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే.

వారి చరిత్రలో మనం గుర్తుపట్టగల పుటలున్నాయి. 1838లో మిస్సోరి గవర్నరు మార్మన్లను తుడిచిపెట్టాలని, లేదా రాష్ట్రం నుండి తరిమివేయాలని ఉత్తర్వు జారీచేశాడు. కొద్ది రోజులకే ఒక పల్లెలో సాయుధ మూక 17 మందిని చంపింది. 1844లో జోసెఫ్ స్మిత్‌ను జైలు గదిలోనే మూక కాల్చిచంపింది. మిస్సోరి ఉత్తర్వును అధికారికంగా రద్దుచేయడానికి 1976 వరకు పట్టింది. రాజ్యం, మూక చేయి కలిపితే అల్పసంఖ్యాకుల గతి ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

అదే చరిత్రలో మనకు సంబంధించిన మరొక పుట ఉంది. మిస్సోరి నుండి తరిమివేయబడి నావూ పట్టణంలో స్థిరపడిన మార్మన్లు, 1841లో తమ నగర సభలో అన్ని మతాలకూ సమాన స్వేచ్ఛనిస్తూ శాసనం చేశారు. అందులో ముస్లింలను పేరుపెట్టి చేర్చారు. 2015 డిసెంబరులో, ముస్లింలను అమెరికాలోకి రానివ్వరాదని డొనాల్డ్ ట్రంప్ పిలుపునిచ్చినప్పుడు, ఆ సంఘం ఈ పాత శాసనాన్ని గుర్తుచేస్తూ మతస్వేచ్ఛ పక్షాన ప్రకటన చేసింది. పట్టణంలో మసీదు లేనప్పుడు కూడా ముస్లింల హక్కును రాసిపెట్టినవారి విషయంలో మనం మౌనంగా ఉండటం న్యాయమా?

ఇక మన దేశపు చట్టానికి వద్దాము. రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను, మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును ప్రసాదించింది. 1954లో శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు మతానికి నిర్వచనం వెతికింది. అప్పుడు దాని ముందుకు వచ్చినది 1890 నాటి ఒక అమెరికా తీర్పు. మార్మన్లను ఓటుకు దూరం చేసిన చట్టాన్ని సమర్థించిన తీర్పు అది. ఆ నిర్వచనం చాలదని మన న్యాయస్థానం తేల్చింది. మతమంటే నమ్మకం మాత్రమే కాదని, ఆచారం, ఆహారం, వస్త్రధారణ కూడా అందులో భాగం కావచ్చునని చెప్పింది. ఈనాడు హిజాబ్ గురించి మనం చేసే వాదనకు ఆ తీర్పే పునాది.

అయితే 1977లో స్టానిస్లాస్ కేసులో అదే న్యాయస్థానం, ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని చెప్పి, మధ్యప్రదేశ్, ఒడిశా చట్టాలను నిలబెట్టింది. ఆ దారిలో వచ్చిన 2021 నాటి ఉత్తరప్రదేశ్ చట్టం, మతం మారదలచినవారు 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలంటుంది. మార్పిడి చట్టబద్ధమని నిరూపించే భారాన్ని నిందితులపైనే మోపుతుంది. 2024 సవరణ శిక్షను యావజ్జీవం వరకు పెంచింది. ఇంత చేసి, వెనుకటి మతానికి తిరిగివెళ్ళడాన్ని మాత్రం మార్పిడిగా లెక్కించదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇటువంటి చట్టం లేదు. కానీ ఇక్కడా తేవాలనే కోరిక వినబడుతూనే ఉంది.

హాదియాను మరువరాదు. సేలంలో వైద్యవిద్య చదువుతూ, తోటి విద్యార్థినుల సాంగత్యంలో ఇస్లాంను తెలుసుకొని స్వీకరించిన కేరళ యువతి ఆమె. 2017లో హైకోర్టు ఆమె వివాహాన్ని రద్దుచేసి, ఆమెను తల్లిదండ్రుల ఇంటికి పంపింది. నెలల తరబడి ఆమె నిర్బంధంలో గడిపింది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ వివాహాన్ని పునరుద్ధరించింది. ఆనాడు మనం ఊరూరా అన్నది ఒక్కటే మాట: ఆమె మేజరు, ఆమె నిర్ణయం ఆమెది. మా మిత్రుడు కూడా మేజరే. అతని నిర్ణయం ఇస్లాం వైపు కానందున ఆ మాట మారుతుందా?

అతడు చెల్లించే మూల్యం మరొకటి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే పరిమితమైన ఎస్సీ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన రాష్ట్రాల్లో బీసీ-సి వర్గంలో చేర్చారు. 15 శాతం వాటా నుండి 1 శాతం వాటాకు రావడమన్నమాట. మతం మారితే గ్రామంలో వివక్ష పోదు, రక్షణ మాత్రం పోతుంది. మన మెహతర్ సోదరుల గోడు ఇదే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతపరమైన షరతును తొలగించాలని సిఫారసు చేసింది. 2022లో ఇదే అంశంపై బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. దళిత ముస్లింల కోసం మనం చేస్తున్న పోరాటం, ఈ మిత్రుని పోరాటం రెండు కావు.

మద్దతు అంటే చప్పట్లు కాదు. ఈ సర్టిఫికెట్ల సంగతి, స్కాలర్‌షిప్ పోయే అవకాశం అతనికి ముందే వివరించాము. నల్లజాతి పురుషులకు మార్మన్ సంఘం 1978 వరకు యాజకత్వం ఇవ్వలేదన్న చరిత్రను కూడా అతని ముందు ఉంచాము. తెలిసే ఎంచుకున్నాడు. అతని ఫోటోలు, వీడియోలు సామాజిక మాధ్యమాల్లో పెట్టలేదు. తల్లిదండ్రులతో తెగతెంపులు చేసుకోవద్దని, ప్రతివారం ఫోను చేయమని కోరాము. గదిలో ఒంటరి కాకుండా చూసుకున్నాము. ఏ విద్యార్థి సంఘమైనా, ఏ మొహల్లా కమిటీ అయినా చేయగలిగిన పనులే ఇవి.

చివరకు అందరి మనసులోనూ ఉండి, ఎవరూ పైకి అనని ప్రశ్న ఒకటుంది. రేపు మన ఇంటి బిడ్డే దీన్ విడిచి వెళతానంటే? ఆ బాధ చిన్నది కాదు. తల్లిదండ్రులకు నచ్చజెప్పే హక్కుంది, వాదించే హక్కుంది, రాత్రింబవళ్ళు దుఆ చేసే హక్కుంది. గదిలో బంధించే హక్కు, చదువు మాన్పించే హక్కు, ఇష్టంలేని నికాహ్ చేసి పంపే హక్కు లేవు. హాదియా తండ్రి చేసినది తప్పయితే, మనం చేసినా తప్పే. భయంతో నిలిపిన ఈమాన్ ఈమాన్ కాదు. హృదయాల మార్పు అల్లాహ్ చేతిలో ఉందని నమ్మేవారికి తాళంచెవులతో పనిలేదు.

మక్కాలో హింసలు భరించలేక తొలితరం ముస్లింలు అబిసీనియాకు వలసపోయినప్పుడు, వారిని అప్పగించమని ఖురైష్ దూతలు కోరారు. క్రైస్తవుడైన నజ్జాషీ నిరాకరించాడు. ఆనాడు మన పూర్వీకులు పొందిన ఆశ్రయాన్ని ఈనాడు మరొకరికి ఇవ్వగలగడమే మనం చెల్లించవలసిన రుణం. విద్యార్థులను, కుటుంబాలను, మన సంఘాలను మేము కోరేదొక్కటే: 25వ అధికరణాన్ని మన కోసం చదివినంత గట్టిగా, మన పక్కగదిలోని మిత్రుని కోసమూ చదవండి.