పొగాకు కషాయం కాచే ముందు ఒక్క మాట

ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో పొగాకు కషాయం తయారీ వీడియోలు తెగ తిరుగుతున్నాయి. మందుల షాపులో బాకీ పెరిగి, పంటకి ధర లేక కూర్చున్న రైతుకి అవి నచ్చడంలో తప్పేం లేదు. పొగాకు పండే మా వైపు అయితే రాలిన ఆకు, పొట్టు, కాడలు దాదాపు ఉత్తినే దొరుకుతాయి. పేనుబంక, తామర పురుగు లాంటి రసం పీల్చే పురుగుల మీద కషాయం పనిచేస్తుంది కూడా. కాబట్టి కషాయమే వద్దని నేను రాయట్లేదు. నేననేది ఏందంటే, ఆ వీడియోల్లో సగమే చెబుతున్నారు. ఎంత ఆకు, ఎన్ని నీళ్లు అన్నది చెబుతారు. చేతికి ఏం తొడుక్కోవాలో చెప్పరు. ఎందుకంటే "ఇది సహజం, ఏం కాదు" అని వాళ్ల నమ్మకం.

సహజమే, కాదనను. కానీ పురుగుని చంపేది అందులో ఉన్న నికోటిన్. దానికి ఇది పురుగు, ఇది మనిషి అన్న తేడా తెలీదు. పైగా అది చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. తడిసిన పొగాకు ఆకు కోసే కూలీలకి తల తిరగడం, వాంతులు అవడం పొగాకు ప్రాంతం వాళ్లకి కొత్త కాదు. పచ్చి ఆకు తడికే అట్లా అయితే, మరిగించి సారం దించిన నీళ్ల సంగతి మీరే ఆలోచించండి.

చిన్న లెక్క చెప్తా. ఎండిన పొగాకులో నికోటిన్ రకాన్ని బట్టి మారుతుంది, నూటికి రెండు పాళ్లు అనుకుందాం. కిలో ఆకులో 20 గ్రాములు. మామూలుగా చెప్పే లెక్క ప్రకారం కిలో ఆకుని 10 లీటర్ల నీళ్లలో అరగంట మరిగిస్తాం. సారం మొత్తం దిగితే లీటరుకి 2 గ్రాములు. దాన్ని 100 లీటర్లు చేసి కొడతాం కాబట్టి పంట మీదికి వెళ్లేసరికి పల్చనవుతుంది. అంటే అసలు ప్రమాదం కొట్టేటప్పటి కంటే కాచేటప్పుడు, పిండేటప్పుడు, వడకట్టేటప్పుడు ఎక్కువ. ఆ పని చేసేది ఎవరు? చాలా ఇళ్లలో ఆడవాళ్లు, ఉత్త చేతులతో.

ఇంకో సంగతి. మన దేశంలో 2019లో ఈ-సిగరెట్లని చట్టం చేసి నిషేధించారు. వాటిలో పోసే ద్రవంలో మామూలుగా ఉండేదీ ఈ నికోటినే. నికోటిన్ సల్ఫేట్ అనే పురుగు మందుని కూడా మన దేశంలో వాడకూడదని ఎప్పుడో ఆపేశారు. ఇవాళ మనం కొనే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందుల్ని నియోనికోటినాయిడ్లు అంటారు, అంటే కొత్త తరం నికోటిన్ లాంటివి అని. షాపులో సీసా మీద రంగు గుర్తు, జాగ్రత్తలు ఉంటాయి. మన పొయ్యి మీద గిన్నెకి ఆ గుర్తు ఎవరూ వెయ్యరు. మనమే వేసుకోవాలి.

జాగ్రత్తలకి డబ్బులు కావాలి కదా అంటారు. పెద్దగా అక్కర్లేదు. రబ్బరు గ్లౌజులు ఒక జత కొనండి. గుడ్డ గ్లౌజులు వద్దు, అవి తడిని పీల్చి చేతికే అంటిస్తాయి. పాత గిన్నె ఒకటి దీనికే కేటాయించి, మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి. కాచేది ఇంటి బయట, గాలి వీచే వైపు నిలబడి. ఆవిరి మీద మొహం పెట్టొద్దు. పిండకుండా గుడ్డలో కట్టి వేలాడదీస్తే దానంతటదే కారుతుంది, కాస్త ఆలస్యమైనా నష్టం లేదు. సబ్బు నీళ్లు కొట్టే ముందే కలపండి. కొంతమంది సున్నం కూడా కలుపుతారు. దాంతో ఘాటు పెరిగేది పురుగుకే కాదు, మన చర్మానికి కూడా. మిగిలిన కషాయం కూల్ డ్రింక్ సీసాలో పోసి దాచొద్దు. పిల్లలకి అది కూల్ డ్రింకే. ఏ రోజుకి కావాల్సింది ఆ రోజే కాచుకోండి.

పంట విషయానికొస్తే, పొగాకుకి వచ్చే మొజాయిక్ వైరస్ మిర్చి, టమాటాకీ వస్తుంది. ఎండిన ఆకులో కూడా అది ఏళ్ల తరబడి బతికుంటుంది. బాగా మరిగిస్తే చాలావరకు చస్తుంది గానీ, నానబెట్టి వడకట్టిన నీళ్లలో ఉండొచ్చు. పొగాకు పట్టుకున్న చేతులతో మొక్కల్ని ముట్టుకున్నా అంటుకుంటుంది. అందుకే మిర్చి, టమాటా రైతులు దీని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. ఆకుకూరల మీద నేనైతే కొట్టను. తేనెటీగలకీ, మిత్ర పురుగులకీ ఇది విషమే, పూత మీద ఉన్నప్పుడు ఆపండి.

కాచేటప్పుడో కొట్టేటప్పుడో చెమటలు పట్టి, నోట్లో నీళ్లూరి, కడుపులో తిప్పినట్టయితే "ఎండ దెబ్బ" అనుకుని నీడలో కూర్చోవద్దు. తడిసిన బట్టలు వెంటనే విప్పేసి, సబ్బుతో ఒళ్లంతా కడిగి, ఆసుపత్రికి పోండి. 108కి ఫోన్ చెయ్యండి. పొగాకు కషాయం అని డాక్టరుకి ముందే చెప్పండి.

శిక్షణలు ఇచ్చే పెద్దలకి నాదో మనవి. అగ్ని అస్త్రంలో కూడా పొగాకు వేయమని చెబుతారు మీరు. తయారీ చార్టులో ఎంత ఆకు అన్న వరుస పక్కనే గ్లౌజుల వరుస కూడా రాయండి. రెండు మాటలు ఎక్కువైతే చార్టు పాడైపోదు. రసాయన మందు కొట్టేటప్పుడు మాస్కు వేసుకోమని చెప్పేది మీరే, ఇక్కడ మాత్రం ఉత్త చేతులా?

నా మటుకు నేను ముందు వేప గింజల కషాయం వాడతా. 100 లీటర్లకి 5 కిలోల వేప పప్పు. వేసవిలో పిల్లలతో కలిసి ఏరుకుంటే ఖర్చు లేదు, చేతికి ప్రమాదమూ తక్కువ. దానికి లొంగనప్పుడే పొగాకు. ఖర్చు తగ్గించుకోవడం మన హక్కు అన్నా. ఆ తగ్గిన ఖర్చు మన ఇంటి ఆడవాళ్ల ఒంటి మీద పడకూడదు.

మీ ఊళ్లో ఎట్లా కాస్తున్నారో కింద రాయండి. మందు కొట్టే కూలీ తమ్ముళ్లకి ఇది చదివి వినిపించండి.