చీకటిలో నేర్వవలసిన చేతిపని

ఫిల్ము కెమెరాపై యువజనులకు మరల మక్కువ కలుగుచున్న ఈ కాలమున, ఎంతో శ్రద్ధతో తీసిన రీలును దూరనగరమునకు కొరియరులో పంపి, పిదప కంప్యూటరునకు వచ్చిన ప్రతులతోనే తృప్తిపడి, తమ నెగటివులు తిరిగి వచ్చినవో లేదో కూడ విచారింపని వారిని చూచినపుడు నాకు నిజముగా ఖేదము కలుగును. నలుపు తెలుపు రీలును ఇంటిలోనే కడుగుకొనవచ్చును. కడుగుకొనవలెననియే నా అభిప్రాయము. ఇందుకు వారిని వెనుదీయించుచున్నది రసాయనముల భయము. కాని డి-76 వంటి డెవలపరు పొడిని నీటిలో కలుపుట, దానిని 20 డిగ్రీలకు చల్లార్చుట, గడియారము చూచుచు, వెలుతురు చొరని డెవలపింగు ట్యాంకును తిరగవేయుట మొదలైనవన్నియు వెలుతురులో, పుస్తకము ఎదుట పెట్టుకొని చేయదగిన పనులు. కష్టమంతయు అంతకు ముందే, కన్ను అక్కరకు రాని చీకటిలో, 36 చిత్రములు గల అయిదడుగుల పైచిలుకు ఫిల్మును ట్యాంకులోని గాడుల చుట్టయగు స్పైరల్‌కు ఎక్కించుటలో నున్నది.

సికింద్రాబాదున స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలమున గాజుపలకలు వాడుకలో నుండెను గనుక వారికి ఈ చుట్టెడి పని లేకపోయెను. మనకు తప్పదు. సినిమాలలో చూపెడి ఎర్రదీపమును నమ్మరాదు. అది కాగితముపై ప్రింటు వేయునపుడు పనికివచ్చునే గాని, నేడు మనము వాడు పాంక్రోమాటిక్ ఫిల్ము ఎరుపుతో సహా సర్వవర్ణములను గ్రహించునట్టిది. గదిలో దీపమార్పి అయిదు నిమిషములు కూర్చుండిన పిమ్మట తెల్లకాగితముపై ఉంచిన మీ చేయి ఏ కొంచెమైనను కానవచ్చెనేని, తలుపు సందునకు ఇంకొక దుప్పటి అడ్డము కట్టవలసినదే.

ఫిల్ము కొస డబ్బీ వెలుపల మిగిలియున్నచో సగము శ్రమ తీరినట్లే. సన్నని నాలుకవంటి ఆ భాగమును వెలుతురులోనే, రంధ్రముల మీదుగా గాక రెండు రంధ్రముల నడుమ, అడ్డముగా కత్తిరించి, మూలలను రవ్వంత గుండ్రముగా చేసి, స్పైరల్ అంచుననున్న చిన్న గుండ్ల క్రిందుగా కొద్దిగా జొనిపి, అప్పుడు దీపమార్పవచ్చును. పిమ్మట బొటనవ్రేళ్లు అంచులనే తాకవలెను. స్పైరల్ రెండు వైపులను ముందువెనుకలుగా త్రిప్పుచుండగా ఫిల్ము తనంత తాను గాడిలో ప్రాకును. ఎక్కడనైన బిగిసెనా, బలవంతము కూడదు. మడత పడినచోట నెలవంకవంటి మచ్చ శాశ్వతముగా నిలిచిపోవును, రెండు చుట్లు అంటుకొన్నచోటికి డెవలపరు చేరనే చేరదు. తుదిని ఇరుసునకు అతికియున్న టేపును చివాలున పీకక కత్తెరతో కోయుట మేలు. వేగముగా లాగినపుడు పుట్టెడి ఆ మసక మెరపును సయితము ఫిల్ము గ్రహింపగలదు. ట్యాంకు నడిమి గొట్టము మరచినచో మూత ఎంత బిగించినను లోనికి వెలుతురు సోకును.

కాకినాడ, విశాఖపట్టణము వంటి తీరనగరములలో తేమ సంగతి మరువరాదు. స్నానము ముగిసిన వెంటనే ఆవిరి నిండిన ఆ గదిలోనే ఈ పనికి పూనుకొనువారు కలరు. తేమకు ఫిల్ముపైనున్న జిలటిను ఉబ్బును. తడియారని ప్లాస్టిక్ స్పైరల్‌లో ఫిల్ము సగము దారిలో పట్టుకొనిపోవును. చీకటి గదికి బదులుగా వాడు ఛేంజింగ్ బ్యాగులో వేసవి మధ్యాహ్నము చేతులు పెట్టినను ఇదే గతి, చెమట పట్టును గనుక. స్పైరల్‌ను ముందునాడే కడిగి ఆరబెట్టి, తెల్లవారుజామున పనిచేయుట ఉత్తమము.

ఇదంతయు చదివి నేర్చునది కాదు. పాడైపోయిన రీలొకటి కావలెను: ఉదకమండలమున 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ రీలు, గడువు తీరినది, ఏ పెట్టె అడుగుననైనను దొరకిన అదృష్టమే. దానిని మొదట వెలుతురులో, పిదప కన్నులు మూసికొని, ఆపైన చీకటిలో, చేతికి అలవాటగువరకు ఎక్కించుచు దింపుచు ఉండవలెను. ట్యాంకులు, రసాయనములు అమ్ము వర్తకులు ప్రతి ట్యాంకుతోను ఇట్టి వ్యర్థపు రీలొకటి ఉచితముగా ఇచ్చి, అంగడిలోనే ఒక్కసారి చుట్టించి చూపిననాడు, కొన్నవారిలో చాలమంది తొలి రీలు చెడినదని ట్యాంకును అటకెక్కింపరని నేను దృఢముగా నమ్ముచున్నాను.