కుంచెడు చోళ్ళు



శ్రీరామనవమి వస్తే మా రామతీర్థం జనంతో కిటకిటలాడిపోతుంది. కోవెల దగ్గర పెద్దవాళ్ళు పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి "చల్లగా ఉండండర్రా" అని దీవిస్తారు. మేము క్రైస్తవులం. ఆదివారం ఆరాధన చివర పాస్టరుగారు చేతులెత్తి దీవెన చెప్పనిదే చర్చి గడప దాటం.

కానీ ఆ దీవెన అంటే ఏమిటో నాకు ఆమధ్య దాకా సరిగా తెలియదనే చెప్పాలి. మావారు పనిచేసే మిల్లు మూతపడింది. అమ్మాయి కాలేజీ ఫీజు కోసం నా గాజులు తాకట్టుకెళ్ళాయి. అప్పుడే తెలిసినావిడ కొత్త ఇల్లు కట్టుకుని కృతజ్ఞత కూటం పెట్టింది. భోజనాల దగ్గర నన్నడిగింది. "ఏటొదినా, మీరూ ఇంత ప్రార్థన సేస్తారు, దేవుడు మిమ్మల్ని దీవించనేదేటి?" అని. ముద్ద గొంతు దిగలేదంటే నమ్మండి.

ఆ రాత్రి బైబిలు తీశాను. పాస్టరుగారు చెప్పే దీవెన సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోది. యాజకుడైన అహరోను ప్రజలను అలా దీవించాలని దేవుడు మోషేకు చెప్పాడు. అందులో ఇల్లు లేదు, పొలం లేదు, బంగారం లేదు. దేవుడు కాపాడాలి, ఆయన ముఖం మనవైపు తిరగాలి, మనకు సమాధానం కలగాలి. అంతే! పంటలూ పశువులూ దీవెన కావని కాదు. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో అవీ ఉన్నాయి. కానీ అవి లేనివాళ్ళను దేవుడు వదిలేశాడనుకోవడం పొరపాటు. యేసు కొండమీద ధన్యులన్న వాళ్ళలో దుఃఖపడేవాళ్ళూ ఉన్నారు కదా!

అసలు ఈ మాటలు తెలుగులో నా దాకా ఎలా వచ్చాయో చూడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయింది 1812లో. ఆ పుస్తకం వాళ్ళిద్దరూ కళ్ళారా చూడనే లేదు. మరి వాళ్ళకు దీవెన లేనట్టా? వాళ్ళ దీవెన నా ఒళ్ళో ఉంది! అబ్రాహాముకు దేవుడిచ్చిన మాటా అలాంటిదే. అతన్ని దీవించింది అతనివల్ల నలుగురికీ మేలు జరగాలని.

మర్నాడు పొద్దున్నే ఎదురింటి అత్త కుంచెడు చోళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టింది. రోజూ రాములవారి కోవెలకు వెళ్ళే మనిషి. "అంబలి కాసి పిల్లలకి పొయ్యమ్మా" అంది. ఇంకో మాట అడగలేదు.

గాజులు ఇంకా విడిపించలేదు. అయినా ఆ రోజు దేవుడు మావైపు చూశాడని నాకు గట్టి నమ్మకం.

అందుకే ఒక్క మాట. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు దేవుడు మిమ్మల్నెందుకు దీవించలేదని మాత్రం అడక్కండి. వెళ్తూ వెళ్తూ చేతిలో ఏదైనా పట్టుకెళ్ళండి. ఆ పూటకు వాళ్ళింటికి దీవెన మీరే కావచ్చు.