ఆర్వీలో కుక్క ఉంటే రూటు మారాలి

1903 వేసవిలో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే వెర్మాంట్ డాక్టరు 50 డాలర్ల పందెం కాసి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కు కారులో బయల్దేరాడు. అమెరికాను కారులో ఈ చివరి నుంచి ఆ చివరికి దాటిన మొదటి మనిషి అతనే. తోడుగా సీవల్ క్రాకర్ అనే మెకానిక్ ఉన్నాడు. దారిలో ఐడహోలో 15 డాలర్లిచ్చి బడ్ అనే బుల్‌డాగ్‌ను కొని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆ వింటన్ కారుకు పైకప్పు లేదు, ముందు అద్దమూ లేదు. చవుడు నేలల దుమ్ము కొట్టి బడ్ కళ్లు మండిపోతుంటే, జాక్సన్ తను పెట్టుకున్నటువంటి కళ్లజోడే దానికీ తగిలించాడు. 63 రోజుల ప్రయాణం ముగించి ముగ్గురూ న్యూయార్క్ చేరారు. ఆ కళ్లజోడు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

కుక్కతో దేశం చుట్టాలన్న సరదా అమెరికన్లకు అలా కారుతోపాటే పుట్టింది. ఇప్పుడా సరదాకు మంచం, వంటగది, బాత్‌రూమ్ కూడా తోడయ్యాయి. కరోనా కాలంలో విమానమెక్కడానికి జంకిన జనం ఇల్లులాంటి ఈ బండ్ల, అంటే ఆర్వీల మీద పడ్డారు. 2021 ఒక్క ఏడాదిలోనే కంపెనీలు 6 లక్షలకు పైగా ఆర్వీలను డీలర్లకు పంపాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఈ మోజుకు దూరంగా ఏమీ లేవు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో ఆర్వీ అద్దెకు తీసుకుని, పిల్లలతోపాటు ఇంట్లోని లాబ్రడార్‌నూ ఎక్కించుకుని బయల్దేరేవాళ్లు ఉన్నారు.

నిజానికి కుక్కతో దూరం వెళ్లడానికి ఇంతకన్నా మంచి బండి లేదు. విమానంలో అయితే పెద్ద కుక్క అడుగున సామాన్ల అరలో పోవాలి. హోటళ్లలో చాలా చోట్ల రానివ్వరు, రానిచ్చిన చోట అదనంగా వసూలు చేస్తారు. ఆర్వీలో దాని పరుపు, దాని గిన్నె, దానికి అలవాటైన వాసనలు దాని వెంటే ఉంటాయి. చిక్కంతా ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే వస్తుంది. యెల్లోస్టోన్, గ్రాండ్ కేన్యన్, జయాన్ అంటూ మనుషుల కోసం వేసుకున్న రూటులో కుక్కను సామానులా సర్దేస్తారు. ఆ మూడు చోట్లా కుక్కకు దక్కేది చాలా తక్కువ.

యెల్లోస్టోన్ నిబంధన ఉదాహరణకు చాలు. రోడ్లు, పార్కింగ్ స్థలాలు, క్యాంప్‌గ్రౌండ్లకు 100 అడుగుల లోపే కుక్కను తిప్పాలి. అదీ 6 అడుగులు మించని పట్టీతోనే. కాలిబాటల మీదికి, వేడినీటి బుగ్గల మధ్య వేసిన చెక్క వంతెనల మీదికి రానివ్వరు. ఇంత కఠినం ఏమిటని విసుక్కునేవాళ్లు 1981 జులైలో అక్కడ జరిగింది తెలుసుకోవాలి. బండిలోంచి తప్పించుకున్న ఓ కుక్క సెలెస్టైన్ పూల్ అనే బుగ్గలో దూకేసింది. ఆ నీటి వేడి 94 డిగ్రీల సెల్సియస్. కుక్క యజమాని స్నేహితుడు, 24 ఏళ్ల కాలిఫోర్నియా యువకుడు, చుట్టూ ఉన్నవాళ్లు వద్దని అరుస్తున్నా దాన్ని కాపాడబోయి తలకిందులుగా దూకాడు. కుక్క దక్కలేదు. ఒళ్లంతా కాలిపోయిన ఆ యువకుడు మర్నాడు ఆస్పత్రిలో చనిపోయాడు. దూరం నుంచి చూస్తే ఆ బుగ్గ నీలంగా, తేటగా, ఈతకు రమ్మన్నట్టుంటుంది. కుక్కకు దాంట్లో ప్రమాదం ఎలా తెలుస్తుంది?

జయాన్‌లో కుక్కకు అనుమతి ఉన్న కాలిబాట ఒక్కటే, పరూస్ ట్రైల్. అది వర్జిన్ నది పక్కనే సాగుతుంది. 2020 జులైలో అదే నదిలో ఆడిన ఓ కుక్కపిల్ల నీళ్లలోని సైనోబ్యాక్టీరియా విషానికి ప్రాణం కోల్పోయింది. పట్టీ ఉన్నా, నిబంధన పాటించినా, నదిలోకి దింపే ముందు గట్టున పెట్టిన హెచ్చరిక బోర్డు చదవాల్సిందే.

సాహిత్యంలో ఈ ప్రయాణానికి పెద్ద దిక్కు జాన్ స్టైన్‌బెక్. 1960లో ఆయన ఓ ట్రక్కు మీద చిన్న ఇల్లు కట్టించి, దానికి డాన్ కిహోటే గుర్రం పేరు రోసినాంటే అని పెట్టి, చార్లీ అనే పూడిల్‌తో దేశం చుట్టాడు. ఆ కథ 1962లో పుస్తకమైంది, ఆ ఏడాదే ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. రాసినంత ఒంటరిగా ఆయన తిరగలేదని, చాలా రాత్రులు హోటళ్లలో గడిపాడని, కొంత దూరం భార్య కూడా వెంట ఉందని తర్వాత ఓ పాత్రికేయుడు తేల్చాడు. ఆ లెక్కలు ఎలా ఉన్నా, యెల్లోస్టోన్ ఘట్టం మాత్రం కుక్కలున్న ప్రతివాళ్లకూ తెలిసిన అనుభవమే. ఎన్నడూ ఎవరి జోలికీ పోని చార్లీ ఎలుగుబంట్లు కనపడగానే పూనకం వచ్చినట్టు అరిచి, అద్దాలు బద్దలుకొట్టుకుని దూకేలా తయారైంది. స్టైన్‌బెక్ ట్రక్కు తిప్పి పార్కు నుంచి బయటపడ్డాడు. మహా రచయితే అయినా రూటు మాత్రం ఆ రోజు చార్లీయే నిర్ణయించింది. ఆయన చేసింది సరైన పని.

మరికొందరు ఇంకో దారి పడతారు. కుక్కను ఆర్వీలో ఉంచి, ఏసీ వేసి, తాము కాలినడకన పార్కు చూసొస్తారు. కరెంటు సౌకర్యమున్న క్యాంప్‌గ్రౌండ్‌లో ప్రతి స్థలం దగ్గరా కరెంటు స్తంభం ఉంటుంది. మామూలుగా 30 ఆంపియర్ల ప్లగ్గు. అంటే 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, నీళ్ల హీటర్ ఒకేసారి నడిస్తే బ్రేకర్ పడిపోతుంది. మనిషి ఉంటే బయటికెళ్లి దాన్ని మళ్లీ పైకి నొక్కుతాడు. కుక్క నొక్కలేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ఎండలో ఆపిన కారులో వేడి కొలిచారు. బయట 22 డిగ్రీలే ఉన్నా గంటలో లోపల 47 డిగ్రీల దాకా చేరవచ్చని తేలింది. పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే ఎక్కుతుంది. అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. ఆర్వీ కారుకన్నా పెద్దదే కావచ్చు, కరెంటు పోయాక అదీ ఎండలో నిలబెట్టిన రేకు డబ్బాయే. లోపలి వేడి హద్దు దాటితే ఫోన్‌కు కబురు పంపే పరికరాలు మార్కెట్లో ఉన్నాయి. ఎడారి దారుల్లో, లోయల్లో ఫోన్ సిగ్నలే ఉండదు. ఇక ఆ కబురు ఎవరికి చేరాలి?

తెలుగువాళ్ల ఆర్వీలో ఇంకో ప్రమాదం వంటగదిలోనే ఉంది. ప్రయాణం అనగానే మన ఇళ్లలో ముందు తయారయ్యేది పులిహోర. ఆ ప్రమాదం అందులోని చింతపండుతోనే. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కలకు కిడ్నీలు ఎందుకు దెబ్బతింటాయో ఏళ్ల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. అమెరికాలోని జంతు విష చికిత్స కేంద్రం పశువైద్యులు దానికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో ప్రతిపాదించారు. చింతపండు తిన్న కుక్కల్లోనూ కిడ్నీలు దెబ్బతిన్న ఉదంతాలను ఆ తర్వాత వివరంగా ప్రచురించారు. చింతపండు పులుపుకు మూలం ఆ ఆమ్లమే. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలకు చేటని ముందు నుంచే తెలుసు. ఇంట్లో అయితే కుక్క ఒక గదిలో, గిన్నెలు ఇంకో గదిలో. ఆర్వీలో ఆరడుగుల నడవాలో అమ్మమ్మ ప్లేట్లు పెడుతుంటే కుక్క ముక్కు సరిగ్గా ప్లేటు ఎత్తులో ఉంటుంది. పాపం అది కూడా తినాలి కదా అని ఆవిడ ఓ ముద్ద కింద పెడుతుంది. ఆవిడ తప్పేం లేదు, ఊళ్లో కుక్క అలాగే పెరిగింది. బండి కదలక ముందే ఆవిడకు ఈ సంగతి చెప్పాల్సిన బాధ్యత పిల్లలది.

మరి కుక్కతో ఎక్కడికెళ్లాలి? అమెరికాలో నేషనల్ పార్కులు మాత్రమే లేవు. నేషనల్ ఫారెస్టులు 19 కోట్ల ఎకరాలకు పైగా ఉన్నాయి, వాటిలోని చాలా కాలిబాటల మీద కుక్కలను రానిస్తారు. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కింద మరో 24 కోట్ల ఎకరాలకు పైగా నేల ఉంది. అందులో చాలా చోట్ల డబ్బు కట్టకుండా 14 రోజుల దాకా ఆర్వీ నిలుపుకోవచ్చు. అక్కడ కరెంటు, నీళ్లు ఉండవు. ఆ లోటుకు బదులుగా కుక్కకు నడిచే నేల దొరుకుతుంది. పార్కే కావాలంటే మెయిన్ రాష్ట్రంలోని అకేడియా ఉంది. 100 మైళ్ల కాలిబాటలు, గుర్రపుబండ్ల కోసం వేసిన 45 మైళ్ల రాతి బాటలు అక్కడ కుక్కలకు తెరిచే ఉంటాయి. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో తెల్లటి జిప్సం దిబ్బల మీద కూడా పట్టీతో తిప్పుకోవచ్చు. ఆ ఇసుక మామూలు ఎడారి ఇసుకలా కాలదు, అయినా నడి ఎండలో నీళ్లు లేకుండా దింపే చోటు కాదది. ఫొటోల్లో ఈ చోట్లకు యెల్లోస్టోన్‌లోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్‌కున్నంత పేరు లేకపోవచ్చు. ఆ గీజర్ ముందు కుక్క ఫొటో దిగేదీ లేదు, దాన్ని చూసి సంబరపడేదీ లేదు.

గీజరే చూడాలి, గ్రాండ్ కేన్యన్ లోయలోకి దిగాలి అనుకునే కుటుంబాలు కుక్కను ఇంటి దగ్గరే తెలిసినవాళ్లకో, బోర్డింగ్‌కో అప్పగించి వెళ్లడం మేలు. తప్పనిసరై తీసుకెళ్తే గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్‌లో పార్కు లోపలే కెనెల్ ఉంది. టీకాల కాగితాలు లేకుండా చేర్చుకోరు, వేసవిలో ఖాళీలు తొందరగా నిండిపోతాయి. ఆర్వీ అద్దెకు తీసుకునే రోజే అక్కడా చోటు బుక్ చేసుకోండి.